గ్దాన్స్క్ రివ్యూ: పోలాండ్ పాత ఓడరేవులో రెండు క్రేన్‌ల మధ్య నడక

నమస్తే అండి. ఇప్పుడు ఉదయం ఏడు. మోత్వావా నది గట్టు మీద ఉన్నాను. పడవలు ఇంకా కదల్లేదు. మాది విశాఖ, కాబట్టి నీటి పక్కన ఈ డీజిల్ వాసన, తడి మోకుల వాసన నాకు కొత్త కాదు. ముందుగా ఒక మాట చెప్పేస్తాను. గ్దాన్స్క్ మీద వీడియోలన్నీ నెప్ట్యూన్ ఫౌంటెన్ దగ్గర మొదలవుతాయి. మీరు మాత్రం ఇక్కడ మొదలుపెట్టండి.

ఇదిగో, నా వెనక చూడండి. రెండు ఇటుక బురుజులు, వాటి మధ్యలో నల్లటి చెక్క కట్టడం, నది మీదికి ముక్కు చాచినట్టు వంగి ఉంది. దీన్ని జురాఫ్ అంటారు. 1442–1444 మధ్య కట్టిన క్రేన్ ఇది. జురాఫ్ అంటే పోలిష్‌లో కొంగ. ఇంకో అర్థం తెలిసినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. అక్కడి పల్లెల్లో బావి మీద నీళ్ళు తోడే ఏతాన్ని కూడా జురాఫ్ అనే అంటారట! మన తాతల కాలంలో ఏతం దూలం మీద మనిషి ముందుకీ వెనక్కీ నడుస్తూ నీళ్ళు పైకి తెచ్చేవాడు కదా. ఇక్కడా మనిషి నడకే.

లోపలికి వచ్చి తల పైకెత్తండి. ఆరు మీటర్లకు తక్కువ కాని చెక్క చక్రాలు ఇవి, ఎలక పిల్ల చక్రంలో పరిగెట్టినట్టు వీటిలోపల మనుషులు నడిచేవాళ్ళు. వాళ్ళు అడుగు వేస్తే చక్రం తిరుగుతుంది, ఇరుసుకు మోకు చుట్టుకుంటుంది, ఓడలోంచి బరువు లేస్తుంది. రెండు టన్నుల్ని 27 మీటర్ల ఎత్తుకు ఎత్తగలిగేది. ధాన్యం, పీపాలు మాత్రమే కాదు, ఓడలకు తెరచాప కొయ్యలు నిలబెట్టింది కూడా దీంతోనే. ఆ చక్రం పక్కన నిలబడి లోపలి పలకల్ని చూస్తూ ఉండిపోయాను. బరువు పైన వేలాడుతుండగా లోపల మనిషికి కాలు జారితే ఏమవుతుంది? చక్రం వెనక్కి తిరుగుతుంది, వాడూ దాంతోపాటే తిరుగుతాడు. ఈ ఊరి సంపదంతా ఆ కాళ్ళ మీద నిలబడిందండి. చాలా ఏళ్ళు మరమ్మతులు చేసి 2024లో మళ్ళీ తెరిచారు. ఇప్పుడిది సముద్ర మ్యూజియంలో భాగం. గంటన్నర పెట్టుకోండి. టికెట్‌కు పూర్తి న్యాయం జరుగుతుంది.

ఇప్పుడు ఒక నిజం చెప్పాలి. మీరు చూస్తున్న చెక్క 15వ శతాబ్దంది కాదు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1945 మార్చిలో ఇది కాలిపోయింది. బురుజుల గోడలు మిగిలాయి, చెక్కంతా తర్వాత కట్టారు. ఈ ఒక్కటే కాదు. ప్రధాన నగరంలో దాదాపు 90 శాతం నేలమట్టమైంది. "అంతా డూప్లికేటే కదా, దీనికోసం ఇంత దూరం ఎందుకు" అని నా స్నేహితులే అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు చూపిస్తాను, రండి.

నదికి వీపు తిప్పి ఆకుపచ్చ ద్వారం గుండా లోపలికి వస్తే ద్వూగి తార్గ్, అంటే పొడుగు సంత. మనం పాత ఊరు అని పిలుస్తున్నాం గానీ ఇక్కడివాళ్ళు ఒప్పుకోరు. వాళ్ళకు ఇది ప్రధాన నగరం. పాత ఊరు అనే పేరున్న పేట ఉత్తరాన వేరే ఉంది. హోటల్ బుక్ చేసేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి. ఎత్తుగా, సన్నగా, ఒకదానికొకటి ఆనుకుని రంగురంగుల ఇళ్ళు. మధ్యలో 1633లో నిలబెట్టిన సముద్ర దేవుడు నెప్ట్యూన్ ఫౌంటెన్. దాని వెనక వర్తకులు కలుసుకునే ఆర్టుస్ కోర్టు. లోపల పదిమీటర్లకు పైగా ఎత్తున్న పలకల పొయ్యి ఉంది, 16వ శతాబ్దానిది, తప్పకుండా చూడండి. టౌన్ హాల్ శిఖరం మీద బంగారు పూత పూసిన రాజు సిగిస్మండ్ ఆగస్టస్.

ఇంతవరకూ అందరూ చూపిస్తారు. నేను చూపించేది ఈ ఇళ్ళ వెనక. ఈ సందులోంచి ఇలా వచ్చేయండి. చూశారా? పెద్ద పెరడు, చెట్లు, పిల్లలు ఆడుకునే ఉయ్యాల, మూడో అంతస్తులో బాల్కనీలో ఆరేసిన దుప్పటి. యుద్ధం తర్వాత ఇళ్ళ ముందు గోడలను పాత ఫోటోలు, పాత చిత్రాలు చూసి మళ్ళీ నిలబెట్టారు. వెనక మాత్రం పనిచేసుకునే మామూలు కుటుంబాల కోసం ఫ్లాట్లు కట్టారు. యుద్ధానికి ముందు ఈ ఊళ్ళో ఎక్కువమంది జర్మన్లే. అప్పటికి వాళ్ళు చాలావరకు పారిపోయారు, మిగిలినవాళ్ళను పంపించేశారు. తూర్పున తమ ఊళ్ళు పోగొట్టుకున్న పోలిష్ జనం, విల్నో నుంచి, ల్వూవ్ నుంచి, వచ్చి ఈ శిథిలాల్లో దిగారు. ఇల్లు పోయినవాళ్ళు ఇంకొకరి కాలిపోయిన ఊరిని ఇటుక ఇటుకగా లేపారు. దాన్ని డూప్లికేట్ అనడానికి నాకు నోరు రాదండి.

ద్వూగి తార్గ్‌లోనే ఒక చిన్న స్తంభం ఉంది, జనం పట్టించుకోకుండా దాటిపోతారు. దాని మీద థర్మామీటర్, బారోమీటర్. ఎందుకంటే డానియెల్ గాబ్రియెల్ ఫారెన్‌హీట్ 1686లో పుట్టింది ఈ ఊళ్ళోనే. మన ఇళ్ళల్లో ఒళ్ళు కాలిపోతుంటే అమ్మ థర్మామీటర్ విదిలించి చంకలో పెట్టి "నూట రెండు ఉందిరా" అనేది కదా, ఆ నూట రెండు ఈయనదే. పదిహేనేళ్ళ వయసులో ఒకే రోజున తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్నాడు, విషపు పుట్టగొడుగులు తిని చనిపోయారు. వ్యాపారం నేర్చుకోమని ఆమ్‌స్టర్‌డామ్ పంపిస్తే పరికరాల మీద మనసు పడ్డాడు. ఆ స్తంభం దగ్గర నేను పావుగంట నిలబడ్డాను. మా అమ్మకి వీడియో కాల్ చేసి చూపించాను.

తర్వాత సెయింట్ మేరీ చర్చి. 1343లో మొదలుపెట్టి 1502లో పూర్తిచేశారు, అంటే ఆరేడు తరాలు కట్టారు. ఇటుకతో కట్టిన చర్చిల్లో ప్రపంచంలోనే అతిపెద్దవాటిలో ఒకటి. పొడవు వంద మీటర్లు దాటుతుంది. బయటి నుంచి కొండలా బరువుగా అనిపిస్తుంది, లోపలికి అడుగుపెడితే తెల్లటి వెలుతురు. గోపురం ఎక్కడానికి నాలుగు వందలకు పైగా మెట్లు, మొదట్లో ఇరుకైన మెలికల దారి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను తీసుకెళ్ళకండి. పైకి వెళ్తే మాత్రం ఒకవైపు ఎర్రటి కప్పులు, ఇంకోవైపు షిప్‌యార్డ్ క్రేన్‌లు ఒకే చూపులో కనిపిస్తాయి.

లోపల హాన్స్ డ్యూరింగర్ 1464–1470 మధ్య చేసిన ఖగోళ గడియారం ఉంది. టైము మాత్రమే కాదు, చంద్రుడి కళలు, రాశులు, పండగల తేదీలు కూడా చూపించేలా చేశాడు. ఒక పంచాంగాన్ని చెక్కలో కట్టినట్టు. ఇలాంటిది ఇంకో ఊరికి చేసిపెట్టకుండా ఆయన కళ్ళు తీసేశారని ఒక కథ చెప్తారు. తాజ్‌మహల్ కట్టినవాళ్ళ చేతుల గురించి మన దగ్గర తిరిగే కథకు అన్నదమ్ముడే. దాన్ని కథగానే వినండి.

ఇదే చర్చిలో హాన్స్ మెమ్లింగ్ వేసిన 'తుది తీర్పు' చిత్రం కనిపిస్తుంది. గమనించండి, ఇక్కడున్నది నకలు. అసలుది నడిచి వెళ్ళే దూరంలోనే నేషనల్ మ్యూజియంలో ఉంది, దయచేసి అక్కడికి వెళ్ళండి. ఇటలీకి వెళ్ళాల్సిన ఈ చిత్రాన్ని 1473లో పావుల్ బెనెకె అనే ఈ ఊరి నావికుడు నడిసముద్రంలో ఓడతో సహా పట్టేసి తెచ్చాడు. తర్వాత నెపోలియన్ సైన్యం పారిస్‌కు పట్టుకుపోయింది, రెండో యుద్ధం తర్వాత సోవియట్‌లు లెనిన్‌గ్రాడ్‌కు పట్టుకుపోయారు, 1956లో మళ్ళీ వచ్చింది. మూడు పలకల చిత్రం. మధ్యలో దేవదూత త్రాసు పట్టుకుని మనుషుల్ని తూస్తుంటాడు. మన యమధర్మరాజు, చిత్రగుప్తుడు తెలిసినవాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. నేను వెళ్ళినప్పుడు ఆ గదిలో నలుగురమే ఉన్నాం.

చర్చి పక్కనే మరియాత్స్కా వీధి. ప్రతి ఇంటి ముందూ రాతి అరుగు, మెట్లు, వాన నీళ్ళు కక్కే రాతి మృగాల తలలు. అరుగుల కింద అంబర్ దుకాణాలు. అంబర్ అంటే కోట్ల ఏళ్ళ నాటి చెట్ల బంక గట్టిపడి రాయిలా అయింది. దీన్ని మనవాళ్ళు తృణమణి అన్నారు. రుద్దితే గడ్డిపరకను లాక్కుంటుంది కాబట్టి ఆ పేరు. ఇక్కడ కొనేముందు జాగ్రత్త. ఒక చోట బండి మీద నేను ముచ్చటపడి కొన్న దండ ప్లాస్టిక్ అని రాత్రి తేలింది. ఎలా అంటే, గ్లాసు నీళ్ళలో ఇక కరగనంత ఉప్పు కలిపి పూస వేశాను. అసలు అంబర్ తేలికగా ఉంటుంది, ఉప్పునీటిలో తేలుతుంది. నాది గులకరాయిలా అడుగుకు పోయింది. తేలిన ప్రతిదీ అసలుది అనుకోకండి, కొన్ని ప్లాస్టిక్‌లూ తేలతాయి. మునిగిందంటే మాత్రం కాదనే. సర్టిఫికెట్ ఇచ్చే దుకాణంలోనే కొనండి. అంబర్ గురించి తెలుసుకోవాలంటే పెద్ద మిల్లులో మ్యూజియం ఉంది. 14వ శతాబ్దపు పిండిమర అది, 2021లో మ్యూజియం అయింది.

తిండి సంగతి ఒక్క నిమిషం. శాకాహారులు పియెరోగి రుస్కియె అడగండి. బంగాళాదుంప, పనీర్ లాంటి చీజ్ కూరిన కజ్జికాయల్లాంటివి, ఉడికించినవి. అయితే పైన పంది కొవ్వు ముక్కలు వేయించి చల్లుతారు. అందుకే "బెజ్ స్క్వారెక్" అని ముందే చెప్పండి, అవి లేకుండా ఇస్తారు.

మధ్యాహ్నం పడవెక్కి ఓడరేవు మొగ దగ్గరున్న వెస్టర్‌ప్లాట్టె వెళ్ళాను. 1939 సెప్టెంబర్ 1, తెల్లవారుజామున 4:45 దాటుతుండగా, మర్యాద పర్యటన పేరుతో వచ్చి లంగరేసిన జర్మన్ యుద్ధనౌక ష్లెస్విగ్ హోల్‌స్టైన్ ఇక్కడి పోలిష్ స్థావరం మీద ఫిరంగులు పేల్చింది. సుమారు 200 మంది ఏడు రోజులు నిలబడ్డారు. పగిలిన కాంక్రీట్ గదులు, అందులోంచి బయటికి వంగిన ఇనుప ఊచలు అలాగే వదిలేశారు. అదే రోజు ఊళ్ళో పోలిష్ పోస్టాఫీసులో ఉద్యోగులు జర్మన్లతో దాదాపు 14 గంటలు పోరాడారు. పట్టుబడినవాళ్ళలో 38 మందిని అక్టోబర్ 5న కాల్చి చంపారు. పోస్ట్‌మ్యాన్‌లండి వాళ్ళు. ఆ భవనం ముందు నేను కెమెరా ఆపేశాను.

ఇక ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన చోటు. ప్రధాన రైల్వేస్టేషన్ నుంచి పది, పదిహేను నిమిషాల నడక. షిప్‌యార్డ్ రెండో నంబరు గేటు.

గేటు ముందు మూడు ఉక్కు శిలువలు, 42 మీటర్ల ఎత్తు, మీద లంగర్లు వేలాడుతున్నాయి. 1970 డిసెంబర్‌లో తిండి ధరలు పెంచితే కార్మికులు రోడ్డెక్కారు. సైన్యం కాల్చింది. ఈ తీరం పొడవునా నలభై మందికి పైగా చనిపోయారు. పదేళ్ళ తర్వాత 1980 ఆగస్టులో ఇదే షిప్‌యార్డ్‌లో అన్నా వాలెంటినోవిచ్ అనే ఆవిడను పనిలోంచి తీసేశారు. పెన్షన్‌కు ఇంకా ఐదు నెలలే ఉంది. ఆవిడ ఏం పని చేసేదో తెలుసా? క్రేన్ ఆపరేటర్. పొద్దున నేను చూసిన చక్రంలో నడిచినవాళ్ళ పనే, ఐదు వందల ఏళ్ళ తర్వాత.

ఆవిడను తిరిగి తీసుకోవాలని ఆగస్టు 14న సమ్మె మొదలైంది. సమ్మెకు నాయకుడై, తర్వాత పోలాండ్ అధ్యక్షుడైన లెక్ వావెన్సా గోడ దూకి లోపలికి వచ్చాడని చెప్తారు, ఆయన పేరు ప్రపంచానికంతా తెలుసు. నేను చెప్పదలచుకున్నది ఆగస్టు 16 గురించి. జీతాలు పెంచుతామన్నారు, సమ్మె అయిపోయిందన్నారు, జనం ఇంటిదారి పట్టారు. అప్పుడు అన్నా, షిప్‌యార్డ్ నర్సు అలీనా పియెన్‌కోవ్‌స్కా గేట్ల దగ్గర నిలబడి "మనకిచ్చారు సరే, మనకు తోడుగా సమ్మె చేసిన చిన్న ఫ్యాక్టరీల సంగతేంటి" అని వెళ్ళేవాళ్ళను ఆపారు. ఆ ఆపడంతోనే సమ్మె నిలిచింది. ఆగస్టు 31న ప్రభుత్వం ఒప్పందం మీద సంతకం పెట్టింది. సాలిడారిటీ అనే కార్మిక సంఘం పుట్టింది, కోటి మంది దాకా చేరారు.

గేటు పక్కన తుప్పు పట్టిన ఓడ పొట్టలా కనిపించే భవనమే యూరోపియన్ సాలిడారిటీ సెంటర్, 2014లో తెరిచారు. ఆ తుప్పు రంగు కావాలనే వాడిన ఉక్కు. మొదటి గదిలో పైకప్పు నిండా కార్మికుల హెల్మెట్లు. ఒక పక్క క్రేన్ ఆపరేటర్ కూర్చునే కేబిన్, చాలా ఇరుకు. మూడు గంటలు ఉంచుకోండి, ఆడియో గైడ్ తప్పనిసరిగా తీసుకోండి. ఒక్కరోజే ఉంటే ఫౌంటెన్ దగ్గర అరగంట తగ్గించండి గానీ ఇక్కడ తగ్గించకండి. నా మార్కులు జురాఫ్‌కు పదికి తొమ్మిది, దీనికి పదికి పది.

సమ్మె చేసినవాళ్ళ ఇరవై ఒక్క డిమాండ్లు రాసిన రెండు ప్లైవుడ్ పలకలు యునెస్కో జాబితాలో ఉన్నాయి. చేతిరాత, అక్షరాలు కొన్ని ఎక్కువ తక్కువ. ఒకటోది స్వేచ్ఛగా సంఘం పెట్టుకునే హక్కు. రెండోది సమ్మె హక్కు. కిందికి వస్తే ఆసుపత్రుల గురించి, పిల్లలను చూసుకునే చోటు గురించి, ఇంటి కోసం ఎదురుచూసే ఏళ్ళ గురించి. అన్నిటికంటే చివరిది, ఇరవై ఒకటోది, శనివారాలు సెలవు కావాలని.

నేను వెళ్ళింది శనివారం. పైకప్పు మీదికి వెళ్తే షిప్‌యార్డ్ క్రేన్‌లు ఆగి ఉన్నాయి. కింద గేటు ఊచలకు ఎవరో కొత్తగా పూలు కట్టి వెళ్ళారు. తండ్రి భుజాల మీద కూర్చున్న పాప ఒకటి వాటిని లెక్కపెడుతోంది.