వాచీ కంటే ముందు ఒళ్ళు

(విశాఖపట్నంలో పీఈటీ మాస్టార్లు, శిక్షకుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

మాస్టార్లకూ మేడమ్‌లకూ నమస్కారం.

తెల్లవారుజామున బీచ్ రోడ్డులో చూడండి, పన్నెండేళ్ల పిల్లాడు కూడా పరుగెత్తుతూ మాటిమాటికీ మణికట్టు చూసుకుంటాడు. ఎంత కష్టంగా ఉందో వాచీ చెప్పేలోపు వాడు చెప్పగలగాలి. అంతవరకూ వాచీ మీ జేబులో ఉండనివ్వండి.

ఇందుకు 400 మీటర్ల ట్రాక్, ఒక స్టాప్‌వాచీ చాలు. వార్మప్ అయ్యాక 200 మీటర్లు ఆరుసార్లు, మధ్యలో 90 సెకన్ల నడక. "60 సెకన్లకి రారా" అని పంపండి. గీత దాటగానే, మీరు నోరు విప్పకముందే, ఎంత పట్టిందో వాడే చెప్పాలి. తర్వాత వాచీ చూపించి రెండంకెలూ పక్కపక్కనే రాయండి. మొదట్లో 50కే వచ్చేసి "అరవై పట్టింది సార్" అంటాడు. వాణ్ణి కసరకండి. తొలి క్షణాల్లో కండరాలు తమలో నిలవున్న శక్తినే వాడుకుంటాయి. గుండె, ఊపిరి అందుకోవడానికి ఇంకాస్త సమయం కావాలి. అందుకే ఆయాసం ఆలస్యంగా తెలుస్తుంది. తేడా రెండు సెకన్లలోపు వచ్చాక 400కి మార్చండి.

ఏకాగ్రత పేరుతో ప్రతి శ్వాసనూ లెక్కపెట్టించే అలవాటు మనలో ఉంది. దాంతో పరుగు బిగుసుకుపోతుంది. 200 మీటర్లకోసారి నాలుగైదు సెకన్ల తనిఖీ చాలు: దవడ, భుజాలు, గుప్పిళ్లు, ఊపిరి. ఆ వెంటనే చూపు ముందున్నవాడి వీపు మీదికి పోవాలి. గుప్పిట బిగించేవాడికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అప్పడం ముక్క పెట్టి పంపండి. విరక్కుండా రౌండు పూర్తి చేయాలి. (రెండో ముక్క దగ్గర పెట్టుకోండి, మొదటిది ఎలాగూ తినేస్తారు.)

చెప్పుల్లేకుండా ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబెట్టండి. కుదిరాక కళ్లు మూయించి 10. ఎదుగుదల జోరందుకునే వయసులో, అంటే ఆడపిల్లలకు 11-12, మగపిల్లలకు 13-14 ప్రాంతంలో, నిన్న నిలిచినవాడు ఇవాళ తూలొచ్చు. కాళ్లు పొడవైనంత తొందరగా మెదడు లెక్క సరిచేసుకోలేదు. ఆ వయసులోనే మోకాలిచిప్ప కింది బుడిపె దగ్గర నొప్పి కూడా వస్తుంది. తొడ కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువు ఎదిగే ఎముకను లాగేది అక్కడే.

నొప్పి అంటే "చేత్తో చూపించు" అనండి. అరచేత్తో రెండు పిక్కలూ రుద్దుకుంటే చాలావరకు అలసటే. ఒక్క వేలితో ఒకే చోట నొక్కి చూపిస్తే ఆ రోజు పరుగు ఆపేయండి. తగ్గకపోతే ఎముకల డాక్టరు దగ్గరికి పంపండి.

కష్టానికి 1 నుంచి 10 దాకా అంకె చెప్పించండి. మన ఊరి ఉక్కలో చెమట కారుతుందే గానీ ఆరదు. ఒళ్లు చల్లబడక, అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. మామూలుగా 5 అనిపించే పరుగు మే నెలలో 7 అనిపిస్తుంది. అప్పుడు అంకెను 5 దగ్గరే ఉంచండి, వేగం తగ్గితే తగ్గనివ్వండి.

ఇక ఇసుక సంగతి. తడి ఇసుక సముద్రం వైపు వాలి ఉంటుంది. ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు పరుగెత్తితే కుడికాలు పల్లంలో పడుతుంది. ఎవరైనా ఒకే వైపు తుంటి నొప్పి అంటే ముందు అడగాల్సింది, తిరుగు పరుగు ఇసుక మీదా, రోడ్డు మీదా అని.