మా నాన్న జేబులో సోడా పొట్లం
(తిరుపతిలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగం)

పెద్దలందరికీ నమస్కారం. వేదిక మీదివారి పేర్లన్నీ చదివితే నాకిచ్చిన సమయం వాటికే సరిపోతుంది, మన్నించాలి. ఆహ్వానపత్రంలో ‘హిస్టమిన్ గ్రాహకాలు – జీర్ణవ్యవస్థ’ అని వేశారు. ఆ మాట వినగానే ఇద్దరు టిఫిన్ల వైపు చూశారు. కూర్చోండి, ముందు మా నాన్న గురించి చెబుతాను.

ఆయన చిత్తూరు బెల్లం మండీలో గుమాస్తా. చొక్కా జేబులో పెన్ను పక్కనే వంటసోడా పొట్లం ఉండేది. రాత్రి రెండింటికి లేచి, గ్లాసు నీళ్లలో చిటికెడు కలుపుకుని తాగి, తేన్పు వచ్చేదాకా గోడకు ఆనుకుని నిలబడేవారు. ఇంట్లో ఊరిబిండి పచ్చడి నూరడం మానేశారు. సంగటిలోకి మజ్జిగే. ‘నీ కోపమే నీ కడుపును తింటోంది’ అని చుట్టాలు చెప్పని రోజు లేదు. 1974లో కడుపులో పుండని పొట్ట కోసి, ఆమ్లం ఊరించే నరాన్ని కత్తిరించారు. ఆ తర్వాత అన్నం తిన్న అరగంటకే చెమటలు, కళ్లు తిరగడం.

ఇక శాస్త్రం. కడుపు గోడలో కొన్ని కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. అది పక్కనున్న కణం మీది గ్రాహకాన్ని, అంటే కబురు అందుకునే తలుపులాంటిదాన్ని, తాకితే ఆమ్లం ఊరుతుంది. దురదకు, తుమ్ములకు వాడే హిస్టమిన్ వ్యతిరేక మాత్రలు అప్పటికే ఉన్నాయి, కానీ ఆమ్లం వాటికి లొంగలేదు. అలిపిరి మెట్లు మూసేస్తే శ్రీవారిమెట్టు మీదుగా వెళ్లేవారు ఆగుతారా? హిస్టమిన్ గ్రాహకాల్లో రకాలున్నాయి. ఆ మాత్రలు మూసింది హెచ్1 అనే రకం దారిని. ఆమ్లానిది హెచ్2 దారి. బ్రిటన్ శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ బృందం 1972లో దాన్ని నిరూపించింది. ఆ దారిని మూసే వాళ్ల మొదటి మందు నోటి ద్వారా సరిగా ఒంటబట్టలేదు. రెండోది కొందరిలో తెల్ల రక్తకణాలను పడగొట్టింది. మూడోది సిమెటిడిన్, 1976లో బ్రిటన్‌లో అమ్మకానికి వచ్చింది. బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమతి.

1974, 1976. రెండేళ్లు! మండీ గుమాస్తాకు విదేశీ మందు అందేదా అంటారేమో. అయినా ఆ లెక్క నన్ను వదలదు.

అసలు దెబ్బ వేరే ఉంది. 1980లలో ఆస్ట్రేలియా వైద్యులు వారెన్, మార్షల్ కడుపులోని ఒక బాక్టీరియాను పట్టుకున్నారు. ఆ రోజుల్లో పుండ్లలో ఎక్కువ భాగం దాని పనే. మిగతావాటిలో చాలా వరకు నొప్పి మాత్రలవి. హెచ్2 దారిని మూసే మాత్రలు ఆ బాక్టీరియాను చంపవు. అందుకే వాటితో మానిన పుండు, మాత్ర ఆపాక చాలామందిలో తిరిగి వచ్చేది. మా నాన్న కోపిష్ఠే, ఒప్పుకుంటాను. కానీ పుండు పెట్టింది కోపం కాదండీ, ఊరిబిండి అసలే కాదు! ఆయన కోసం మా అమ్మ కూడా ఇరవై ఏళ్లు ఊరిబిండి ముట్టలేదు.

పేగులు చిరాకుపడే జబ్బులో నొప్పిని పెంచడంలో హెచ్1 పాత్ర గురించి కూడా రాసుకొచ్చాను. నిర్వాహకులు గడియారం చూస్తున్నారు, వదిలేస్తాను.

ఒక్క ప్రశ్న. జేబులో గ్యాస్ మాత్ర ఉన్నవాళ్లు చేతులెత్తండి. చూశారా! ఎన్నాళ్ల నుంచి? హెచ్2 మాత్ర రోజూ మింగితే కొద్ది రోజులకే పట్టు తగ్గుతుంది. మనం ఏళ్ల తరబడి మింగిన హెచ్2 మాత్ర రానిటిడిన్‌ను, అందులో క్యాన్సర్ కారకం కావచ్చన్న మలినం ఏర్పడుతోందని 2020లో అమెరికా మార్కెట్ నుంచి తీసేయించింది. మన దేశపు అత్యావశ్యక మందుల జాబితా నుంచి 2022లో తొలగించారు. మలం నల్లగా వచ్చినా, బరువు తగ్గినా, మింగడం కష్టమైనా మందుల షాపుకు కాదు, డాక్టరు దగ్గరకు వెళ్లండి.

గంట కొట్టారు. మూడో వరుసలో చెయ్యెత్తిన పెద్దాయనా, మీరు వెళ్లిపోకండి. జేబులో ఉన్నది ఏ మాత్రో నాకోసారి చూపించండి.