బండి లాగడం లేదంటే ముందు ఆయిల్ చూడండి

మిత్రులారా, నమస్కారం.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న డీజిల్ ఫోర్క్‌లిఫ్టు లాగడం లేదని డ్రైవర్ చెప్పగానే గేర్‌బాక్స్ దింపేయాలనే తొందర మన షెడ్లలో చాలా ఎక్కువ. ఆ తొందర మానుకోమని అడగడానికే వచ్చాను. ముందు డ్రైవర్‌ను ఒక్క మాట అడగండి: రెండు వైపులా లాగడం లేదా, ఒకవైపేనా? వెనక్కు బాగా వెళ్తూ ముందుకు మాత్రం మొరాయిస్తే టార్క్ కన్వర్టర్‌నూ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం), గేర్‌బాక్స్ ఆయిల్ పంపునూ అనుమానించే పని దాదాపు ఉండదు, అవి ఇరువైపులకూ ఉమ్మడివే కాబట్టి. ముందుకు నడిపే క్లచ్ ప్లేట్లు, వాటి సీళ్లు, ఆ క్లచ్‌కు ఆయిల్ వదిలే కరెంటు వాల్వు (సోలినాయిడ్), దాని వైరింగు చూడాలి. రెండు వైపులా కదలకపోతే మొదట గేర్‌బాక్స్ ఆయిల్ మట్టం, తర్వాత స్ట్రైనర్ (ఆయిల్ జల్లెడ), పంపు ప్రెషర్ చూడాలి.

గేర్‌బాక్స్ ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్‌ను తెల్ల గుడ్డ మీద తుడవండి. ఆయిల్ నల్లబడి మాడు వాసన వస్తే క్లచ్ ప్లేట్లు కాలుతున్నట్టే. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరాయి. చాలా బళ్లలో ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కూలర్ రేడియేటర్‌లోనే ఉంటుంది, అక్కడ చిల్లి పడిందేమో చూడండి. జిన్నింగు మిల్లుల్లో నడిచే బళ్లకైతే రేడియేటర్ రెక్కల్లో పత్తి నూగు పేరుకుంటుంది. గాలి ఆడక ఆయిల్ వేడెక్కుతుంది, ఆ వేడికి సీళ్లు గట్టిపడి ప్రెషర్ వదిలేస్తాయి.

ఇక ఎడమవైపు ఉండే ఇంచింగ్ పెడల్. దాన్ని కొద్దిగా తొక్కితే క్లచ్ మీద ప్రెషర్ తగ్గి ప్లేట్లు జారతాయి. ఇంజిన్ రేజ్ చేసి మాస్టుతో (ముందుండే నిలువు చట్రం) లోడు ఎత్తుతూనే బండిని మెల్లగా ర్యాకు దగ్గరకు జరపడానికే అది ఉంది. షిఫ్టంతా దాని మీద కాలు ఆన్చి నడిపితే ప్లేట్లు అరుగుతూనే ఉంటాయి. బండి పూర్తిగా ఆగకముందే రివర్స్ వేసినా అదే నష్టం. ర్యాంపు మీద లోడును బ్రేకుతో కాకుండా యాక్సిలరేటర్‌తో నిలిపితే కన్వర్టర్‌లో ఆయిల్ వేడెక్కుతుంది. ఇదంతా డ్రైవర్ల తప్పని నేను అనను. లారీకి ఇన్ని నిమిషాలేనని తరిమే సూపర్‌వైజర్లు కూడా ఈ మాట వినాలి.

మరొకటి. ఆగిపోయిన బండిని ఇంకో బండికి కట్టి ఈడ్చుకురావద్దు. ఇంజిన్ ఆగితే పంపు ఆగుతుంది, లోపల ఆయిల్ తిరగదు. చక్రాలతో పాటు గేర్లు, బేరింగులు మాత్రం పొడిగా తిరుగుతూనే ఉంటాయి. గేర్‌బాక్స్‌తో కలిసి తిరిగేవి ముందు చక్రాలే కాబట్టి, వాటిని నేల నుంచి లేపే వీలుంటేనే లాగండి, లేకపోతే మెకానిక్‌ను అక్కడికే పిలవండి.