ఫైలు తీసినట్టే తెలియకూడదు: అధికార బదిలీకి ముందు రికార్డుల నిర్వహణ

సభకు నమస్కారం. పాలన చేతులు మారేటప్పుడు ఖజానాతో పాటు రికార్డు గది తాళాలు కూడా అప్పగించి వెళ్లడం రివాజు. బ్రిటన్ తన వలసలను విడిచి వెళ్లేటప్పుడు తాళాలైతే ఇచ్చింది గాని, అంతకు ముందే గదిలోని కాగితాలను ఏరి పెట్టుకుంది. ఆ ఏరివేతకే 'ఆపరేషన్ లెగసీ' అని పేరు.

1947లో సంస్థానాధీశుల గుట్టు చెప్పే ఫైళ్లను ఢిల్లీలో తగలబెట్టినప్పుడు లేచిన పొగ పత్రికల కెక్కి అధికారులను ఇబ్బంది పెట్టింది. అందుకే 1957లో మలయాను వదిలేటప్పుడు ఐదు లారీల కాగితాలను కౌలాలంపూర్ నుంచి సింగపూర్‌లోని నౌకాదళ బట్టీకి తరలించి మరీ కాల్చారు.

1961 మేలో వలసల మంత్రి ఇయన్ మెక్లాడ్ దీనికి నియమావళి పంపాడు. రాణీగారి ప్రభుత్వానికి తలవంపులు తెచ్చేవి, పోలీసు వేగుల గుట్టు బయటపెట్టేవి కొత్త ప్రభుత్వాల చేతికి పోకూడదన్నది దాని సారాంశం.

కెన్యాలో ఇది ఎలా నడిచిందో కాస్త దగ్గరగా చూద్దాం. దాచవలసిన ఫైలు మీద 'డబ్ల్యూ' ('వాచ్' అనే ఇంగ్లీషు మాటకు తొలి అక్షరం) ముద్ర వేసేవారు. ఆ ముద్రను కూడా భద్రంగా దాచుకోవాలని హెచ్చరించారు. ఐరోపా సంతతి బ్రిటిష్ ఉద్యోగి తప్ప మరొకరు అలాంటి ఫైలును ముట్టుకోరాదు. అంటే ఏళ్ల తరబడి అదే కార్యాలయంలో పనిచేసిన ఆఫ్రికన్ గుమాస్తాకు కూడా అది నిషిద్ధమే. వరుసలోంచి ఒక ఫైలు తీస్తే, ఖాళీ కనబడకుండా ఆ చోట డమ్మీ ఫైలు పెట్టాలి. కాల్చితే బూడిదను కూడా చిదిమెయ్యాలి; సముద్రంలో వేస్తే బరువులు కట్టిన పెట్టెల్లో, తీరానికి దూరంగా, ప్రవాహం లేని లోతు నీళ్లలో వెయ్యాలి. నా దృష్టిలో కాల్చడం కన్నా ఆ డమ్మీ ఫైలే పెద్ద నేరం, ఎందుకంటే బూడిదను చూసినవాడు ఏదో పోయిందని అడుగుతాడు, నిండుగా ఉన్న అరను చూసినవాడు అడగనే అడగడు.

కాల్చకుండా బ్రిటన్‌కు చేరవేసిన ఫైళ్లు, 37 పూర్వ వలసలకు చెందినవి, సుమారు 8,800, బ్రిటన్ విదేశాంగ శాఖకు చెందిన కట్టుదిట్టమైన ఆవరణ హాన్స్లోప్ పార్కులో దశాబ్దాల పాటు మూలపడి ఉన్నాయి. 1950లలో బ్రిటిష్ పాలనపై సాగిన మౌ మౌ తిరుగుబాటు కాలంలో చిత్రహింసలు అనుభవించిన కెన్యా వృద్ధులు లండన్ కోర్టుకెక్కడంతో 2011లో వాటి సంగతి బయటపడింది. 2013 జూన్‌లో బ్రిటన్ విచారం తెలిపి, 5,228 మందికి ఖర్చులతో కలిపి 1.99 కోట్ల పౌండ్లు చెల్లించడానికి ఒప్పుకుంది. ఇప్పుడు ఆ ఫైళ్లు లండన్‌లోని క్యూ (Kew) అనే ప్రాంతంలో ఉన్న జాతీయ ఆర్కైవ్స్‌లో ఎవరైనా అడిగి చదువుకోవచ్చు. వాటి మధ్య ఫలానా కాగితాలను కాల్చివేశామని ఆనాటి అధికారులు సంతకం చేసి పంపిన ధ్రువపత్రాలు కూడా ఉన్నాయి.