పార్టీని మూసేస్తే తుపాకీ తెరుచుకుంటుందా? అల్జీరియా 1992 రివ్యూ

నమస్తే అండీ. ఈసారి రివ్యూకి తీసుకున్నది ఫోనూ కాదు, బైకూ కాదు. ఒక సర్కారు నిర్ణయం: అల్జీరియాలో ఎన్నికల రద్దు. స్పాన్సర్ లేరు, ఇలాంటి సరుక్కి ఎవరొస్తారు చెప్పండి!

అంకెలు వేరే వీడియోల్లో చూసే ఉంటారు, గబగబా చెప్పేస్తా. 1991 డిసెంబర్ 26, తొలి విడత. 430 సీట్లలో ఇస్లామిక్ సాల్వేషన్ ఫ్రంట్, అదే ఫిస్, అప్పటికే 188 గెలిచేసింది. మెజారిటీకి ఇంకో 28 చాలు. రెండో విడత జనవరి 16న. ఐదు రోజుల ముందే సైన్యం అధ్యక్షుడు షాద్లీతో రాజీనామా చేయించింది, ఎన్నిక ఆపేసింది. మార్చి 4న పార్టీయే రద్దు.

ఫిస్ ఏమీ సుద్దపూస కాదు. దాని నేత అలీ బెల్హాజ్ ప్రజాస్వామ్యాన్నే బాహాటంగా తిట్టేవాడు. సాయుధ ముఠాలు అప్పటికే ఉన్నాయి, నవంబర్‌లో గెమ్మార్ సరిహద్దు ఠాణా మీద దాడీ జరిగింది. సైన్యం భయం ఉత్తుత్తిది కాదు.

నాకు ఒళ్లు మండేది సహారా క్యాంపుల దగ్గర. ఫిబ్రవరి 9న ఎమర్జెన్సీ పెట్టి, వేలమందిని విచారణ లేకుండా ఎడారికి తోలారు. అందులో రెగ్గాన్ ఒకటి. 1960లో ఫ్రాన్స్ అణుబాంబు పేల్చి చూసిన చోటండీ అది! సరే, ఎవరు దొరికారు? మునిసిపాలిటీల్లో గెలిచినవాళ్లు, పార్టీ కార్యకర్తలు, అంటే ఇంటి అడ్రసు ఉన్నవాళ్లు. ఓట్లతో ఏమీ రాదని ముందే కొండలెక్కినవాళ్లు దొరకలేదు. "ఆగండ్రా, ఎన్నికల్లో తేల్చుకుందాం" అని కుర్రాళ్లను ఆపగలిగేవాళ్లు లోపల, "మేం ముందే చెప్పాంగా" అనేవాళ్లు బయట. పైగా ఆ క్యాంపుల్లోనే కొత్త పరిచయాలు, విడుదలయ్యాక కొందరు నేరుగా అడవిలోకే.

తర్వాత జీఐఏ అనే సాయుధ ముఠా పుట్టుకొచ్చి ఫిస్ వాళ్లనూ చంపింది. ఫిస్ విధేయులు 1994లో సొంత సైన్యం ఏఐఎస్ కట్టారు. 1995 జనవరిలో రోమ్‌లో ఫిస్ సహా ప్రతిపక్షాలు రాజీ ప్రతిపాదనపై సంతకం పెడితే సర్కారు పొమ్మంది. రెండేళ్లు పోయాక, 1997లో, అదే ఏఐఎస్‌తో కాల్పుల విరమణ! మృతులు లక్ష నుంచి రెండు లక్షలని అంచనాలు.

దీన్ని తిరగేస్తే ఎలా ఉంటుందో చూడాలంటే మన తెలంగాణ ఉంది. 1951 అక్టోబర్‌లో సాయుధ పోరాట విరమణ. కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉన్నా పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరుతో పోటీకి దారి దొరికింది. 1952లో నల్గొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు.

రేటింగా? ఎన్నిక రద్దుకి ఐదుకి ఒకటి. క్యాంపులకి సున్నా, అదీ మొహమాటానికి.