షాబాద్ బండలు, షష్టిపూర్తి, ఒక భాగహారం

పిల్లలకూ, తల్లిదండ్రులకూ, టీచర్లకూ నమస్కారం.

ఆరో తరగతిలో క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం), గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం) రాగానే చాలామంది పిల్లలకు టెన్షన్ మొదలవుతుంది. లెక్క చేయడం వస్తుంది, ఎక్కడ ఏది చేయాలో తోచదు. ప్రశ్నలో ‘గరిష్ఠ’ అని ఉంటే గ.సా.భా., ‘కనిష్ఠ’ అని ఉంటే క.సా.గు. అని చిట్కా చెప్పేస్తుంటాం. దయచేసి అలా నేర్పకండి. ఆ మాట లేకుండా అడిగితే పిల్లలు అక్కడే ఆగిపోతారు.

మన హైదరాబాద్ పాత ఇళ్లలో షాబాద్ బండలు చూసే ఉంటారు. ఒక హాలు 21 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు అనుకుందాం. ఏ బండనూ కోయకుండా, అన్నీ ఒకే సైజు చదరపు బండలే పరవాలి. ఎంత పెద్ద బండ పడుతుంది? కారణాంకాల జోలికి పోవద్దు, హాలు బొమ్మ గీయండి. ఒక చివర 15 అడుగుల చదరం తీసేస్తే 15కి 6 ముక్క మిగిలింది. అందులో 6 అడుగుల చదరాలు రెండు పోతే 6కి 3 మిగిలింది. అందులో 3 అడుగులవి రెండు సరిగ్గా పట్టాయి. జవాబు 3 అడుగులు. 21, 15ల గ.సా.భా. అంటే ఇదే. హాలంతా 3 అడుగుల బండలే పరిస్తే పొడవునా 7, వెడల్పునా 5, మొత్తం 35 బండలు.

ఎందుకంటే 21కీ 15కీ సరిపోయే బండ వాటి తేడా 6కి కూడా సరిపోవాలి. 15లోంచి రెండు ఆర్లు పోగా మిగిలే 3కీ సరిపోవాలి. ఇక 3ని మించి ఎలా కుదురుతుంది? ఈ కారణాన్ని పిల్లల చేత వాళ్ల మాటల్లోనే చెప్పించండి, పది లెక్కలు చేయించినదానికన్నా మేలు. క్రీ.పూ. 300 ప్రాంతంలో గ్రీకు గణితవేత్త యూక్లిడ్ రాసిన పద్ధతి ఇదే. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోని కుట్టకం అనే పద్ధతి కూడా ఇలా మిగిలినదానితో మళ్లీ భాగిస్తూ పోయేదే.

ఇక క.సా.గు. అంటే మళ్లీ ఎప్పుడు కలుస్తాయన్న ప్రశ్న. గురుగ్రహం సూర్యుణ్ని చుట్టిరావడానికి సుమారు 12 ఏళ్లు, శనికి సుమారు 30 ఏళ్లు. గురుడికి 12, 24, 36, 48, 60. శనికి 30, 60. రెండూ బయలుదేరిన చోటికి మళ్లీ ఒకేసారి వచ్చేది 60 ఏళ్లకు. ప్రభవ నుంచి అక్షయ దాకా మన సంవత్సరాలూ అరవయ్యే, షష్టిపూర్తి చేసుకునేదీ అప్పుడే. (కచ్చితంగా చూస్తే 11.86, 29.46 ఏళ్లు కాబట్టి ఆకాశంలో కాస్త తేడా పడుతుంది.)

12ని 30తో గుణిస్తే 360 కదా, 60 ఎలా అయింది? రెండింటిలోనూ ఉమ్మడిగా 6 ఉంది, అదే వాటి గ.సా.భా. గుణించినప్పుడు అది రెండుసార్లు పడింది. ఒకసారి తీసేయడానికి 360ని 6తో భాగిస్తే 60. ఇలా లబ్ధాన్ని గ.సా.భా.తో భాగిస్తే క.సా.గు. రావడం రెండు సంఖ్యలకే సుమా! 2, 4, 8 తీసుకోండి. లబ్ధం 64, కానీ గ.సా.భా. 2ను క.సా.గు. 8తో గుణిస్తే 16 మాత్రమే.

ఇప్పుడు పిల్లలంతా నోట్‌బుక్కులు తీయండి. 221, 187ల గ.సా.భా. కనుక్కుందాం. వీటి కారణాంకాలు చూడగానే తట్టవు. 221లోంచి 187 పోతే 34. 187ను 34తో భాగిస్తే శేషం 17. తర్వాతి భాగహారం ఎవరు చేస్తారో బోర్డు దగ్గరికి రండి.