పాలిచ్చే పందికి నూనె పెట్టొచ్చా?

యాంకర్: లైన్లో ఇంకో రైతు ఉన్నారు. చెప్పండి, రేడియో సౌండ్ కాస్త తగ్గించి మాట్లాడండి.

శ్రోత: నమస్కారం డాక్టరు గారూ. మా పంది ఈని ఎనిమిది రోజులైంది, పదకొండు పిల్లలు. తల్లికి వెన్నెముక తేలిపోతోంది. రెండు పిల్లలైతే అసలు ఎదగట్లేదు. దాణాలో ఒమేగా-3 నూనె కలపమని ఒకాయన చెప్పాడండి.

డాక్టర్: కలపొచ్చు. రోజుకి ఎంత తింటోంది?

శ్రోత: మూడు కిలోలు. ఈ ఎండలకి సగం తొట్లోనే వదిలేస్తోంది.

డాక్టర్: అదీ సంగతి. పదకొండు పిల్లలకి పాలివ్వాలంటే ఐదారు కిలోలైనా తినాలి. చాలకపోతే తన ఒంట్లో కొవ్వు కరిగించి పాలిస్తుంది. నూనె ఇక్కడే అక్కరకొస్తుంది. పిండి పదార్థం గ్రాముకి 4 కేలరీలిస్తే కొవ్వు 9 ఇస్తుంది, అరిగేటప్పుడు ఒంట్లో పుట్టే వేడి కూడా తక్కువ. వంద కిలోల దాణాకి ఒక కిలోతో మొదలుపెట్టి, నాలుగైదు రోజుల్లో మూడు కిలోలకి తీసుకెళ్లండి. ఒక్కసారే పోస్తే పేడ పలచబడుతుంది.

శ్రోత: ఏ నూనె అండి?

డాక్టర్: సోయా నూనెలో ఒమేగా-6 ఎక్కువ, అవిసె నూనెలో ఒమేగా-3 ఎక్కువ. ఈ రెండింటికీ మూలమైన కొవ్వు ఆమ్లాలు పంది ఒంట్లో తయారుకావు, మేతలోంచే రావాలి. తల్లి తినే కొవ్వుని బట్టి పాలలో కొవ్వు కూడా మారుతుంది. అవిసె నూనె తొందరగా పాడవుతుంది. రెండు చుక్కలు వేళ్ల మధ్య రుద్ది వాసన చూడండి, ఘాటుగా కొడితే పారబోయండి.

శ్రోత: ఆ చిన్న పిల్లలకి నోట్లో కొంచెం పోయనా?

డాక్టర్: వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. పంది పిల్లలకిచ్చే పాలపొడి కలిపి పళ్లెంలో పెట్టండి. నిజానికి వాటికి మొదటి రోజే కీలకం. పంది పిల్ల పుట్టేటప్పుడు ఒంట్లో కొవ్వు ఒకటి రెండు శాతమే ఉంటుంది. 34 డిగ్రీల వెచ్చదనం, కడుపునిండా ముర్రుపాలు దొరక్కపోతే ఆ తర్వాత ఏ నూనే కాపాడలేదు. వచ్చే ఈతకి, పంది కట్టిన రోజు నుంచి 114 రోజులు లెక్కేసుకుని, వారం ముందే తల్లి దాణాలో నూనె మొదలుపెట్టండి. అన్నట్టు, పంది నోటితో నొక్కి తాగే నీళ్ల నిప్పుల్‌లో ధార ఎలా వస్తోంది?

శ్రోత: వస్తోందండి, సన్నగా.

డాక్టర్: లీటరు మగ్గు పెట్టి అర నిమిషం చూడండి. లైన్లోనే ఉంటాను.

శ్రోత: (కాసేపటికి) పావు మగ్గు కూడా రాలేదండీ.

డాక్టర్: అది నిండాలండి. నీళ్లు చాలకపోతే దాణా ముట్టదు. నూనె రేపు చూద్దాం, ముందు ఆ పైపు విప్పండి.